సంత గంటకు కొసరు

వేల్‌బరీ,
18 ఏప్రిల్ 1974, గురువారం

తమ్ముడు క్లెమ్‌కి,

సంత ముగించుకుని ఇప్పుడే ఇంటికొచ్చాను. కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని, ఒళ్ళో రొట్టెల పళ్ళెం బోర్లించి దాని మీద రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. గుడ్లన్నీ అమ్ముడయ్యాయి, చీజ్ సగం మిగిలింది.

క్రిస్మస్‌కి తప్ప ఉత్తరం రాయని అక్క ఏప్రిల్లో రాసిందంటే ఏదో కొంప మునిగిందని ఈపాటికి అనుకునే ఉంటావు. నిజమే. మన సంతని ఎత్తేస్తున్నారు. ఈ నెలే కొత్తగా ఏర్పడ్డ జిల్లా కౌన్సిల్ వాళ్ళకి మన చౌకులో కార్లు నిలుపుకోవాలట. సంత పాత గూడ్సు యార్డుకి పోవాలట. ఆ యార్డుకి రైలే రావడం మానేసింది, మనుషులేం వస్తారు?

మన చేతిలో ఉన్నది ఒక్కటే ఆధారం, టౌన్ హాల్లో అద్దాల పెట్టెలో ఉన్న, పాతకాలం రాజు ఇచ్చిన హక్కు పత్రం. గురువారం గురువారం సంత గంట మోగించి, ఆ గంట వేలాడే వెన్న మండపం కింద ఏదో ఒకటి అమ్మినంత కాలం ఈ సంతని ఎవరూ కదపకూడదని అందులో ఉంది. ఒక్క గురువారం తప్పినా హక్కు పోతుంది. ఏడు వందల ఏళ్ళుగా తప్పలేదని మనవాళ్ళ ధీమా. కౌన్సిల్ ప్లీడరు మాత్రం పాత పుస్తకాలన్నీ తిరగేసి ఒక రోజు పట్టుకున్నాడు. 1947 మార్చి 6, ఆ పెద్ద మంచు పడ్డ గురువారం. మున్సిపల్ పుస్తకంలో ఆ పేజీ ఖాళీగా ఉంది. ఇంటి తలుపు తీయడానికే దారి లేని రోజున గుమాస్తా వచ్చి ఏం రాస్తాడు?

గంట విన్నామని ఊళ్ళో ఇరవై మంది చెబుతున్నారు. నేనూ విన్నాను. నాన్న మంచం పక్కనే కూర్చుని ఉన్నాను కదా. కానీ విన్నవాళ్ళు సరిపోరట, మోగించినవాడు కావాలట. నాన్న జబ్బుపడ్డాక గంట నీ చేతికే వచ్చింది. జూన్ 25న టౌన్ హాల్లో విచారణ. 'ఆ రోజు గంట మోగించింది నేనే' అని నాలుగు ముక్కలు రాసి, అక్కడి నోటరీ ముందు సంతకం పెట్టి పంపు. అంతే నేను అడిగేది.

మండపం మూడో స్తంభం దగ్గర అమ్మమ్మ కూర్చుంది, అమ్మ కూర్చుంది, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నన్ను లేపాలంటే స్తంభంతో సహా లేపాలి.

మరదలు నొరీన్‌ని అడిగానని చెప్పు. నీళ్ళు చల్లారిపోయాయి, ఆపుతున్నాను.

నీ అక్క,
హెస్టర్

*

హ్యువాన్ లోయ, టాస్మేనియా,
1 మే 1974

హెస్టర్ అక్కకి,

నీ ఉత్తరం ఆపిల్ కోతల మధ్యలో అందింది. ఆఖరి రెండు వరసలు మిగిలాయి. ఇద్దరు కూలీలు చెప్పకుండా వెళ్ళిపోయారు, నిచ్చెన విరిగి నా మోకాలు వాచింది. నొరీన్ మొత్తం తోటకి ఒక్కతే వండి పెడుతోంది. మీకు పూలు పూస్తుంటే మాకు ఆకులు రాలుతున్నాయి. ఇన్నేళ్ళయినా ఇది నాకు అలవాటు కాలేదు.

సంత గురించి చదివి బాధపడ్డాను. కానీ అక్కా, ఇరవయ్యేడేళ్ళ కిందటి మంచుని ఇప్పుడు తవ్వడం దేనికి? విన్నామని ఇరవై మంది అంటున్నారంటున్నావు, వాళ్ళ చేతే చెప్పించు. మనవాళ్ళ సంగతి నీకు తెలియదా? మోగని గంట కూడా విన్నామంటారు. నాకైతే ఆ రోజు సరిగ్గా గుర్తు లేదు. గుర్తులేనిదాని మీద నోటరీ ముందు ప్రమాణం చేయలేను.

అయినా గూడ్సు యార్డు మరీ అంత దూరమేం కాదు. నీకూ యాభై రెండొచ్చాయి. ఆ రాతి అరుగు మీద చలికి కూర్చునే బదులు పైకప్పున్న చోటు దొరికితే మంచిదే కదా.

పెట్టె ఒకటి ఓడలో పంపిస్తున్నాను. ఎండు ఆపిల్స్, నువ్వు అడిగిన తేనె ఉన్నాయి.

క్లెమ్

*

వేల్‌బరీ,
11 మే 1974

క్లెమ్,

మండపానికి పైకప్పు ఉంది. నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి నాకొకటి అర్థమైంది. నీకు ఈ ఊరంటే మొదట్నుంచీ చిన్నచూపే. నాన్న పోయిన ఏడాదే, ఆకులు రాలకముందే ఓడెక్కావు. గంట మోగించే పని నీ అంతస్తుకి తగదనుకున్నావు. ఆ మాట అప్పుడు అమ్మ ముందు అనలేక మింగేశాను. ఇప్పుడు అంటున్నాను.

గుర్తు లేదంటున్నావా? నేను గుర్తు చేస్తాను. నాన్న గుండె నిండా నెమ్ముతో పడుకుని ఆ గంట కోసమే చెవులు రిక్కించాడు. తొమ్మిదికి మోగాల్సింది ఆలస్యమైంది. మోగేసరికి దుప్పటి మీద వేళ్ళతో లెక్కపెట్టాడు. తొమ్మిది కొట్టాల్సిన చోట పదకొండు కొట్టావు నువ్వు. నాన్న ముఖంలో ఆ వెలుగు చూసినదాన్ని నేను. రెండు రోజుల్లో పోయాడు. అంత సంతోషంగా పంపించినవాడివి, నాలుగు ముక్కలు రాయడానికి చెయ్యి రాదా?

ఇక్కడ ధాన్యం హాల్లో 'మన ఊరి జ్ఞాపకాలు' అని బల్లలు వేశాం. ఎవరి ఇంట్లో ఉన్న పాత వస్తువు వాళ్ళు తేవాలి, దాని కథ చెప్పాలి, నేను నోటు పుస్తకంలో ఎక్కించాలి. విచారణలో అది కూడా చూపిస్తాం. ఒక్క కథా ఇంకోదానితో కలవదు. 1912 వరద నీళ్ళు చర్చి గుమ్మం దాకా వచ్చాయని ఒకరు, గంటస్తంభం దాకా అని ఇంకొకరు. వరదలో కొట్టుకొచ్చిన పంది మాదంటే మాదని రెండు కుటుంబాలు నా ముందే తగువు పడ్డాయి. ఇంతమంది ఇన్ని చెబుతుంటే మా తమ్ముడికి మాత్రం ఏమీ గుర్తు లేదని ఏ పుస్తకంలో రాసుకోను?

తేనె అందాక చెబుతాను.

హెస్టర్

*

హ్యువాన్ లోయ,
20 మే 1974

అక్కా,

నీకు తెలుసని ఇప్పుడు నాకు అర్థమైంది. తెలిసే ఆ పదకొండు సంగతి ఎత్తావు. ఇన్నేళ్ళు దాచుకుని, సరిగ్గా తగలాల్సిన చోట కొట్టావు. సరే, నా నోటితోనే చెబుతాను.

ఆ రోజు నేను గంట మోగించలేదు.

ఎనిమిదిన్నరకి బయల్దేరాను. మంచు నడుం దాకా ఉంది. మండపం దగ్గరికి చేరేసరికి తాడు గడ్డకట్టి కర్రలా ఉంది, గంట నాలుక మంచులో ఇరుక్కుపోయింది. లాగాను, ఊగాను, చప్పుడు లేదు. చౌకులో నరమానవుడు లేడు. ఎవరికోసం మోగించాలని నాకు నేనే అనుకున్నాను. ఇంటికి రావడానికి మొహం చెల్లలేదు. వంతెన దాటి మిల్లులోకి పోయి బాయిలర్ పక్కన కూర్చున్నాను. పదకొండింటికి ఇంటికొస్తే నాన్న పైకి పిలిచాడు.

"మోగించావా?" అన్నాడు.

"మోగించాను నాన్నా" అన్నాను.

"విన్నానురా. పదకొండు కొట్టావు. సంత గంటక్కూడా కొసరు వేసినవాణ్ణి నిన్నే చూశాను" అని నవ్వాడు.

జ్వరంలో లేని గంట విన్నాడనుకున్నాను. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి విన్నామంటుంటే, నాన్న మాట నిలబెట్టడానికి అబద్ధం ఆడుతున్నారనుకున్నాను. శనివారం నాన్న పోయాడు. శవపేటిక వెనక నడుస్తుంటే అందరూ నా భుజం తట్టి, నాన్నకి తగ్గ కొడుకువి అన్నారు. ఆ మాట రోజూ వినాల్సిన ఊళ్ళో నేను ఉండలేకపోయాను. చిన్నచూపు చూసి పోలేదు అక్కా, సిగ్గుతో పోయాను.

నీకు ఆ సంత ఎంతో నాకు తెలుసు. ఒకసారి నాన్న ముందు ఆడిన అబద్ధమే మళ్ళీ ఆడమంటే, కాగితం మీద పెట్టి పంపిస్తాను. నువ్వే చెప్పు.

క్లెమ్

*

వేల్‌బరీ,
30 మే 1974, గురువారం

ఒరేయ్ క్లెమ్,

ముందు ఇది విను. అబద్ధం రాయకు. నాకు అక్కర్లేదు. అబద్ధం మీద నిలబెట్టిన సంతలో నేను కోడిగుడ్లు అమ్ముకోలేను.

నాకేమీ తెలియదు. నీ మీద ఒట్టు, ఏమీ తెలియదు. పదకొండు అని రాసింది విన్నాను కాబట్టి. నీ ఉత్తరం చదివి ఒక రోజంతా నీ మీద కోపంతో, ఇంకో రోజు నా మీద కోపంతో తిరిగాను. తర్వాత తల పనిచేయడం మొదలుపెట్టింది. జ్వరం నాన్నకి గాని నాకు కాదు కదా. ఆ గంట నా చెవులతో నేను విన్నాను. నువ్వు మిల్లులో బాయిలర్ హోరులో కూర్చుంటే, మరి మోగించిందెవరు?

మంగళవారం డోర్కస్ టఫిన్ పెద్దమ్మ ధాన్యం హాల్‌కి వచ్చింది. మన మూడో స్తంభానికి ఎదురుగా మేడమీద ఉంటుంది, గుర్తుంది కదా. ఎనభై ఒకటొచ్చాయి, చేతికర్ర, దానికి తోడు నోరు. బల్ల మీద ఒక కెటిల్ పెట్టింది. '1947 మంచులో దొరికింది' అని చీటీ కట్టింది. ఇంకొక్క మాట చెప్పకుండా వెళ్ళిపోబోయింది.

ఆ కెటిల్ పిడికి రాగి తీగ చుట్టి ఉంది క్లెమ్. నాన్న చుట్టిన తీగ. కొస లోపలికి మడిచి, మన చేతికి గుచ్చుకోకుండా సీసం పోసినది. ఆ చలికాలం మనింట్లో కెటిల్ పోయిందని, అమ్మ చిల్లు పడితే పారేశానందని నీకు గుర్తుందా? నాకు గుర్తుంది. కొత్తది కొనేదాకా గిన్నెలో టీ కాచుకున్నాం.

నేను ఆ ముసలావిడ కర్ర పట్టుకుని వదల్లేదు. చివరికి చెప్పింది. తొమ్మిది దాటి చాలాసేపైనా గంట మోగలేదని ఆవిడ కిటికీ గీరి చూస్తోందట. మంచులో నల్లగా ఒక మనిషి పడుతూ లేస్తూ వస్తోంది. ఒక చేతిలో కెటిల్, ఒక చేతిలో ఉల్లిపాయల దండ. మన అమ్మ. కెటిల్లో మరుగుతున్న నీళ్ళు గంట నాలుక మీద పోసింది, తాడు మీద పోసింది, లాగింది. అప్పటికి చేతులకి స్పర్శ పోయి, ఎన్ని కొట్టిందో లెక్క తప్పిందట. తక్కువైతే సంత చెల్లదేమోనని భయపడి ఇంకో రెండు కొట్టింది. టఫిన్ పెద్దమ్మ కిందికి దిగి ఆరు ఉల్లిపాయలు కొంది. అమ్మ ఒకటి కొసరు కూడా వేసిందట.

ఎందుకింతకాలం చెప్పలేదని అడిగాను.

"ఆ గంట మీ ఇంటి మగాళ్ళు తప్ప ఇంకెవరూ ముట్టకూడదు కదే అమ్మాయ్. బయటపడితే సంత పోదూ? మీ అమ్మ ఒట్టేయించుకుంది. కెటిల్ కూడా నన్నే ఉంచుకోమంది. చేత్తో పట్టుకుని ఇంటికొస్తే ఎందుకు పట్టుకెళ్ళావని కుర్రాడు అడుగుతాడంది" అంది.

ఆ కుర్రాడివి నువ్వే.

ఇప్పుడు ఇంకొకటి చెబుతాను. కూర్చుని చదువు. గంట మోగాక కొంతసేపటికి అమ్మ పైకొచ్చింది. కోళ్ళ గూటి మీద మంచు తీశానంది. నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని, "అడా, నీ చేతులేంటి ఇట్టా గడ్డకట్టాయి" అన్నాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నాన్న దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కోళ్ళ గూటికి అంత నవ్వెందుకో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాతే నిన్ను పైకి పిలిచాడు.

నాన్నకి తెలుసు క్లెమ్. తెలిసే అడిగాడు, తెలిసే నవ్వాడు, తెలిసే ఆ గంట కొట్టిన పేరు నీకు ఇచ్చేశాడు.

ఇక్కడ నాకో చిక్కు ఉంది. మా తరఫున తిరుగుతున్న మాంసం కొట్టు రాల్ఫ్ గుడాల్ కెటిల్ సంగతి విని తల పట్టుకున్నాడు. ఆడమనిషి మోగించిందంటే ప్లీడరు అక్కడే మనల్ని కొట్టేస్తాడట. నీ చేత కాగితం రాయించి నోరు మూసుకోమంటున్నాడు. నేను మూసుకోను. సంత పోతే పోనీ, కానీ ఆ హాల్లో అమ్మ పేరు ఒక్కసారైనా గట్టిగా వినపడాలి. నీకు ఇష్టం లేకపోతే నీ పేరు ఎత్తకుండా చెప్పడానికి చూస్తాను. నీ మాట వచ్చేదాకా ఆగుతాను.

అక్క

*

హ్యువాన్ లోయ,
9 జూన్ 1974

అక్కా,

ప్యాకింగ్ షెడ్డులో ఖాళీ పెట్టె మీద కూర్చుని చదివాను. నొరీన్ అన్నానికి పిలిచి పిలిచి తనే వచ్చింది. ఏమైందని అడిగితే ఉత్తరం చేతిలో పెట్టాను. పెళ్ళై ఇరవై రెండేళ్ళైనా దానికి ఈ సంగతి చెప్పలేదు. చదివి, నా పక్కనే ఇంకో పెట్టె లాక్కుని కూర్చుంది. చాలాసేపు ఏడ్చాను. ఇది రాయడానికి సిగ్గుపడటం లేదు.

మర్నాడే టౌనుకి పోయి నోటరీ ముందు సంతకం పెట్టాను. కాగితం ఇందులోనే ఉంది. నా పేరు దాచొద్దు. అందులో నాలుగే ముక్కలు రాశాను, నువ్వు అడిగినట్టే.

'1947 మార్చి 6న సంత గంట మోగించాల్సింది నేను. నేను మోగించలేదు. మోగించానని మా నాన్నకి అబద్ధం చెప్పాను. నేను చేయాల్సిన పని మా అమ్మ అడా ప్యాస్క్ చేసింది.'

హాల్లో అందరి ముందూ చదివించు. గుడాల్ కుదరదంటే నువ్వే చదువు. నా భుజం తట్టినవాళ్ళు ఇంకా ఎవరైనా బతికుంటే, వాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి.

నీ తమ్ముడు,
క్లెమ్

*

వేల్‌బరీ,
27 జూన్ 1974, గురువారం

తమ్ముడూ,

నీ కాగితం విచారణకి నాలుగు రోజుల ముందు అందింది. నేనే చదివాను. ఒకచోట ఆపి, మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదట్నుంచి చదివాను. హాలు నిండా జనం. నీ నాలుగు ముక్కలు అయ్యాయి. వెనకనించి ఎవరో, పరువు తీశారు అన్నారు. నేను వెనక్కి తిరగలేదు. కెటిల్ తీసి అధికారి బల్ల మీద పెట్టాను.

ప్లీడరు ఊరుకున్నాడా? ఆచారం ప్రకారం గంట ప్యాస్క్ ఇంటి మగవాళ్ళదేనా అని నన్ను అడిగాడు. అవునన్నాను. ఆ రోజు మగవాడు మోగించలేదు కదా అన్నాడు. లేదన్నాను. అయితే సంత జరగనట్టేనని అధికారి వైపు తిరిగాడు. రాల్ఫ్ గుడాల్ కళ్ళు మూసుకున్నాడు. నాకూ మన పని అయిపోయిందనే అనిపించింది.

అప్పుడు టఫిన్ పెద్దమ్మని పిలిచారు. నిలబడలేదు, కూర్చునే చెప్పింది. ప్లీడరు అదే మాట ఆవిడ దగ్గర తిప్పితిప్పి అడిగాడు.

"నాయనా, నాకు ఉల్లిపాయలు కావాల్సొచ్చాయి. గంట మోగింది, కిందికి దిగి కొనుక్కున్నాను. పులుసు కాచుకున్నాను. అది సంత కాకపోతే మరేమిటో నువ్వే చెప్పు" అంది.

అధికారి సన్నటి మనిషి, అప్పటిదాకా మొహంలో ఏ కదలికా లేదు. కలం కింద పెట్టి, ఎన్ని ఉల్లిపాయలు అని అడిగాడు. ఆరు, కొసరుతో ఏడు అంది. ఆయన ఏడు అని రాసుకున్నాడు.

తీర్పు శరత్తులో వస్తుందట. ఈ రోజు సంతలో నాతో మాట్లాడనివాళ్ళు ముగ్గురు. ఎన్నడూ నా దగ్గర కొననివాళ్ళు అయిదుగురు వచ్చి గుడ్లు కొన్నారు. లెక్క సరిపోయినట్టే. మిల్లులో పనిచేసిన ముసలి పెర్సీ వచ్చి చెప్పాడు, ఆ రోజు బాయిలర్ దగ్గర నిన్ను చూశాడట, ఎవరికీ చెప్పలేదట. ఈ ఊరు ఎన్ని దాచుకుందో చూడు.

తేనె అందింది. మూత వదులై కొంచెం కారింది, అయినా బాగుంది.

అక్క

*

హ్యువాన్ లోయ,
7 జూలై 1974

అక్కా,

నా నిజం వల్ల నీ సంత పోతుందేమోనని దిగులుగా ఉంది. పోతే నన్ను తిట్టు, కానీ రాయడం మానకు.

ఇక్కడ తెల్లారి కొళాయిలో నీళ్ళు గడ్డకడుతున్నాయి. పొద్దున్నే కెటిల్లో నీళ్ళు కాచి కొళాయి మీద పోశాను.

క్లెమ్

*

వేల్‌బరీ,
19 సెప్టెంబర్ 1974, గురువారం

తమ్ముడు క్లెమ్‌కి,

సోమవారం తీర్పు వచ్చింది. సంత కదలదు. కార్లే గూడ్సు యార్డుకి పోతాయి. అధికారి రాసింది మూడు పేజీలు. ఆ గురువారం గంట మోగిందనీ, సరుకు అమ్ముడైందనీ, ఎవరు మోగించారన్నది పత్రంలో ఎక్కడా లేదనీ రాశాడు. మగవాళ్ళే మోగించాలన్నది మనవాళ్ళు ఏనాడో కల్పించుకున్నదట. ఆ కల్పనకి భయపడి అమ్మ పద్నాలుగేళ్ళు, తను పోయేదాకా నోరు విప్పలేదు. టఫిన్ పెద్దమ్మ ఇరవయ్యేడేళ్ళు విప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తోంది.

కెటిల్ ధాన్యం హాల్లో అద్దాల పెట్టెలో పెట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు. అది నా పొయ్యి మీద ఉంది. చిల్లు లేదు, ఏమీ లేదు. పొద్దున దాంట్లోనే టీ కాచుకున్నాను.

నువ్వు వెళ్ళాక గంట చూసుకుంటున్న మన దాయాది, ముసలి క్రిక్‌కి భుజం పోయింది. టౌన్ వాళ్ళు వచ్చి, వద్దంటే ఏమీ అనుకోమన్నట్టు మొహం పెట్టి నన్ను అడిగారు. వాళ్ళ మాట పూర్తి కాకముందే సరేనన్నాను.

ఈ రోజు తొమ్మిదింటికి తాడు పట్టుకున్నాను. అందరూ అమ్మకాలు ఆపి, తిరిగి చూశారు. టఫిన్ పెద్దమ్మ కిటికీ తెరుచుకుని కూర్చుంది. తొమ్మిది కొట్టాను. అక్కడ ఆపాలి. ఆపలేదు. ఇంకో రెండు కొట్టాను.

లెక్క తప్పావని ఎవరూ అనలేదు.

అక్క